టీ-రెక్స్ ఇంట్రోవర్టా?

చచ్చిపోయిన కోట్ల ఏళ్ల తర్వాత దొంగతనం అంటగట్టించుకున్న డైనోసార్ ఓవిరాప్టర్. 1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో ఒక గుడ్ల గూటి దగ్గర దాని ఎముకలు దొరికాయి. ఆ గుడ్లు ప్రోటోసెరాటాప్స్ అనే మరో డైనోసార్‌వి అనుకున్నారు. ఇంకేముంది, ఎత్తుకుపోవడానికే వచ్చి ఉంటుందని తేల్చేశారు. 1924లో శిలాజ శాస్త్రవేత్త హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ దానికి 'గుడ్ల దొంగ' అనే అర్థంలో పేరు పెట్టాడు. ఆ పేరు చూసి దాని తిండి గురించి, స్వభావం గురించి పొరబడే ప్రమాదం ఉందని ఆయనే రాశాడు కూడా. అయినా పేరే నిలిచిపోయింది.

1990లలో అదే రకం గుడ్డులో ఓవిరాప్టర్ కుటుంబానికే చెందిన పిండం బయటపడింది. ఆ కుటుంబంలోదే అయిన సిటిపాటి, ముందుకాళ్లు గుడ్ల చుట్టూ చాపి పొదుగుతున్న భంగిమలోనే దొరికింది. అలా దొంగ కాస్తా తల్లి అయింది. నిజానికి తల్లి అని కూడా గట్టిగా అనలేం. పొదిగింది మగదే కావచ్చని 2008లో కొందరు వాదించారు.

ఇప్పుడు ఆన్‌లైన్ పర్సనాలిటీ క్విజ్‌లలో టీ-రెక్స్ పుట్టు నాయకుడట, స్టెగోసారస్ ఇంట్రోవర్టట. సరదాకైతే సరే. ఈ క్విజ్‌లు ఎక్కువగా వాడేది మనుషుల స్వభావాల్ని 16 రకాలుగా విడదీసే వర్గీకరణ. అది స్విస్ సైకాలజిస్టు యుంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ తయారుచేసింది. అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్లీ టెస్ట్ రాస్తే వేరే రకంలో పడటం మామూలే కాబట్టి, మనుషుల విషయంలోనే దాన్ని నమ్మని సైకాలజిస్టులు చాలామంది.

అసలు చిక్కు వేరే ఉంది. పర్సనాలిటీ అనేది జాతికి ఉండేది కాదు, ఒకే జాతిలో ఒకదానికీ మరొకదానికీ ఉండే తేడా. జంతువుల్లో ఈ తేడాలు ఉన్నాయి, కొలిచారు కూడా. 1998లో సైకాలజిస్టు శామ్యూల్ గాస్లింగ్ ప్రచురించిన అధ్యయనంలో, 34 మచ్చల హైనాలను బాగా ఎరిగిన నలుగురు వాటి స్వభావాలకు విడివిడిగా మార్కులు వేశారు. పెత్తనం, కుతూహలం, కలివిడితనం లాంటి లక్షణాల్లో హైనాకీ హైనాకీ తేడా కనిపించింది. నలుగురి మార్కులూ చాలావరకు కలిశాయి. 'హైనా పిరికిది' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఆ 34లో ఏ హైనా గురించి చెప్పినట్టు? టీ-రెక్స్‌కైనా ఇదే ప్రశ్న.

మరి శిలాజాల్లో ఒక్కో జంతువు తీరు అసలు కనిపించదా? కొంత కనిపిస్తుంది, అయితే అది మొత్తం గుంపు అలవాటు దగ్గరే ఆగిపోతుంది. 2021లో టీ-రెక్స్ బంధువులైన టైరనోసార్‌ల పుర్రె, దవడ శిలాజాలు 202 పరిశీలించి, మానిన కాటు గాయాలు 324 లెక్కపెట్టారు. బాగా చిన్నవాటి ముఖాల మీద ఆ గుర్తులు లేవు. పెద్దవాటిలో సుమారు 60 శాతానికి ఉన్నాయి. అంటే ఈడుకొచ్చాక జతకోసమో చోటుకోసమో ఒకదాని మొహం ఒకటి కొరుక్కునేవని ఊహ. నాకు ఇది నమ్మదగ్గ ఊహే అనిపిస్తుంది.

కానీ గాయాల్లేని మిగతావాటి మాటేమిటి? అవి పోట్లాటంటే భయపడి తప్పుకున్నవా, ఎదుటిదాన్ని ముందే బెదరగొట్టినవా, లేక కాటు చర్మంతోనే సరిపోయి ఎముకదాకా దిగలేదా? మూడింటిలోనూ ఎముక ఒకేలా ఉంటుంది. స్వభావం తేలాలంటే అదే జంతువును పదేపదే, వేర్వేరు సందర్భాల్లో చూడాలి. హైనాలను ఎరిగిన ఆ నలుగురికి దొరికింది ఆ అవకాశమే.