అవ్వ చెయ్యి ఆనిన గోడ

బిడ్డలారా,

దసరా సెలవులకు మీరు వస్తున్నరని మీ నాన్న ఫోన్ల చెప్పిండు. వచ్చేటప్పుడు రెండు వస్తువులు తెచ్చుకోండ్రి. పలుచటి తెల్లకాగితాలు ఒక కట్ట, మెత్తటి పెన్సిళ్లు ఓ నాలుగు. ఎందుకో ఈ ఉత్తరంల చెప్త. కొంచెం పొడుగైతది, ఒక్కపారి చదువలేకపోతే రెండుపార్లు చదువుండ్రి.

చిన్నోడా, రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోటి రుద్దుతవు కదా, సింహాలు కాగితం మీదికి లేచి వస్తయి. కొరియాల పుట్టిన దో హో సు అనే శిల్పి ఒక ఇంటినంతా అట్లనే రుద్దిండు. న్యూయార్క్‌ల ఆయన ఏండ్లకేండ్లు కిరాయికి ఉన్న ఇల్లు అది. ఆ ఇల్లు విడిచిపెట్టే కాలం వచ్చేసరికి గోడలకు, తలుపులకు, స్విచ్చు బోర్డులకు తెల్లకాగితం అంటించి, రంగు పెన్సిళ్లతోటి ఇంచు ఇంచు రుద్దిండు. కాగితం ఊడదీస్తే ఇల్లు అందుల ఉన్నది. రుద్దుడుకు, ప్రేమించుడుకు ఇంగ్లీషుల ఉన్న రెండు మాటలను కొరియా లిపిల రాస్తే ఒక్కతీరుగనే ఉంటయట. ఆ పనికి ఆయన పెట్టిన పేరు కూడ అదే, రెండు మాటలు పక్కపక్కన. ఇది చదివిన రోజు నాకు మన ఊరి ఇల్లు యాదికొచ్చింది, రాత్రి నిద్ర పట్టలేదు.

శిల్పం అంటే ఉలి, సుత్తి, రాయి అనుకుంటరు మీరు. మీకు రామప్ప తెలుసు గనుక అట్ల అనుకునుడు న్యాయమే. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, చెక్కిన శిల్పి పేరు మీదనే జనం పిలుస్తరు. అక్కడి మదనికల, అంటే చెక్కిన ఆడబొమ్మల, నల్లరాయి ఎనిమిది వందల ఏండ్లయినా ఇంకా నిగనిగలాడుతది. అది రాయిని తొలిచి చేసే శిల్పం. నేను చెప్పబోయేది వేరే తీరుది. మనుషులు ఉండి పోయిన జాగను పట్టుకునే శిల్పం.

ముందు మన ఇంటి సంగతి. రెండేండ్ల కింద వానలకు వెనుక గోడ కూలింది, దూలానికి చెదలు పట్టింది. ఇగ నిలబెట్టలేమని ఇంటివాళ్లందరం కూసొని అనుకున్నం. దసరా అయినంక విప్పుతరు. మీరు ఆ ఇంట్ల ఆడుకున్నరు గాని, నడిమి అర్ర గోడను ఎప్పుడన్న చూసిండ్రా?

మా అవ్వకు, అంటే మీ నాన్నకు నానమ్మకు, ఆఖరి ఆరేండ్లు కండ్లు ఆనలేదు. ఎవ్వరినీ చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. అర్రల నుంచి వంటింటి దాకా, అక్కడి నుంచి పెరటి దర్వాజ దాకా గోడకు చెయ్యి ఆనించుకుంట తనే నడిచేది. తలకు రాసుకునే కొబ్బరినూనె, పసుపు, పొయ్యి మసి, అన్నీ ఆ అరచేతికే ఉండేవి. తెల్లటి సున్నపు గోడ మీద మెల్లమెల్లగ ఒక గీత పడ్డది. బెత్తెడు వెడల్పు, ముదురు తేనె రంగు. దిగూడు కాడ గీత తెగుతది, అక్కడ ఆమె చెయ్యి గాలిల పోయేది కదా. గూడు దాటినంక మళ్ల మొదలైతది. గూడు అంచు మాత్రం నున్నగ అరిగింది. దీపం వెలుగుతున్నదా లేదా అని వేడి చూసేతందుకు వేళ్లు అక్కడ ఒక్క గడియ ఆగేవి.

అవ్వ పోయిన ఏడు దసరా ముందట సున్నం వేసేటాయన వచ్చిండు. మా బాపు కుర్చీ తెచ్చి ఆ గోడ పక్కన వేసుకొని కూసున్నడు. "మీదికి వెయ్యి, కిందికి వెయ్యి, గా నడుమ వద్దు" అన్నడు. అంతకన్న మాట లేదు. అవ్వ కోసం బాపు ఏడ్వంగ నేను చూడలేదు. పిట్టకు పెట్టిన రోజు గూడ, పదకొండో దినం గూడ, వచ్చిన చుట్టాలకు చాపలు వేసుకుంట, నీళ్లు అందుకుంట తిరిగిండు. ఆయన దుఃఖం నాకు కనబడ్డది ఆ కుర్చీల కూసున్న రోజే. ఆ తర్వాత ఏటేటా అదే మాట. బాపు పోయినంక ఆ మాట నేను అన్న.

ఇప్పుడు ఇంకో శిల్పి గురించి చెప్త, అప్పుడు మన గోడ ఇంకా మంచిగ అర్థమైతది. లండన్ తూర్పు దిక్కు గ్రోవ్ రోడ్డు మీద పాత ఇండ్ల వరుస ఒకటి ఉండె. అన్నీ కూలగొడుతుంటే ఆఖరికి ఒక్కటి మిగిలింది. 1993ల రేచెల్ వైట్‌రీడ్ ఆ ఇంటిని పట్టుకున్నది. లోపల గోడల నిండ ఇనుప జాలి కట్టించి, దాని మీద కాంక్రీటు చిమ్మించింది. అది గట్టిపడ్డంక బయటి ఇటుక గోడలన్నీ ఊడదీయించింది. గిన్నెల తోడుపెట్టిన గడ్డపెరుగును పళ్లెంల బోర్లిస్తే గిన్నె లోపలి ఆకారం పెరుగుకు వస్తది చూడుండ్రి, అట్ల. ఇల్లు లేదు, ఇంటి లోపలి ఖాళీ నిలబడ్డది. ఆ కుటుంబం మాట్లాడుకున్న జాగ, పండుకున్న జాగ, పొయ్యి ముందట చలి కాగిన జాగ బరువెక్కి, రాయై నిలబడ్డది. లోపలికి గుంటలుగ ఉన్న పొయ్యిగూళ్లు బయటికి పొడుచుకొచ్చినయి. తలుపులు ఉన్నయి గాని తెరుచుకోవు.

బ్రిటన్‌ల పేరున్న టర్నర్ బహుమతి ఆ ఏడు ఆమెకు వచ్చింది. ఆడవాళ్లల్ల ఆ బహుమతి మొదలు అందుకున్నది ఆమెనే. అదే రోజు అక్కడి స్థానిక కౌన్సిల్ ఆ శిల్పాన్ని కూలగొట్టాలని తీర్మానం చేసింది. 1994 జనవరి 11న కూలగొట్టిండ్రు. మూడు నెలలు కూడా నిలువలేదు. నాకు ఇది ఎంత తలుచుకున్నా బాధనే. ఒక్క ఇంటిని రెండుసార్లు చంపినట్టు అనిపిస్తది.

ఖాళీ కూడా చూడతగ్గదే అనేది మన ఓరుగల్లోళ్లకు కొత్త గాదు. కోట నడుమకు పోయి నిలబడుండ్రి. 1323ల ఢిల్లీ సైన్యం కోటను గెలుచుకున్నంక స్వయంభూ శివుని గుడి నేలమట్టమైంది. దాని నాలుగు దిక్కుల కాకతీయులు నిలబెట్టిన తోరణాలు మాత్రం ఇంకా ఉన్నయి. వాటికి గోడ లేదు, తలుపు లేదు. ఒక తోరణం కింద నిలబడి అటు దిక్కు తోరణాన్ని చూస్తే, నడుమ ఎంత పెద్ద ఆవరణ ఉండెనో కండ్లే కొలుస్తయి. ముప్పై ఏండ్లు డ్రాయింగు సారుగ పిల్లలను అక్కడికి తోలుకపోయిన. అందరూ తోరణం బొమ్మ గీసేటోళ్లు. ఒక్క పిల్ల మాత్రం తోరణం నడుమ ఉన్న ఆకాశాన్నే గీసి, చుట్టూత నల్లగ నింపింది. తోరణం దానంతట అదే వచ్చింది. ఆ పిల్లకు నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

మన తాడ్వాయి అడవుల దామరవాయి కాడ రాకాసి గుళ్లు ఉన్నయి. పెద్ద పెద్ద బండ పలకలు నిలబెట్టి, మీద ఇంకో పలక కప్పి, చనిపోయినోళ్లకు కట్టిన అర్రలు. ఎవరు కట్టిండ్రో తెలువక జనం రాకాసుల మీద పెట్టిండ్రు. బతికినోళ్ల గుడిసెలు ఒక్కటీ మిగలలేదు, పోయినోళ్ల రాతి ఇండ్లు మిగిలినయి.

తాకుడు గురించి ఇంకొకటి చెప్పి మన పనిలకు వస్త. అమెరికాల వాషింగ్టన్‌ల వియత్నాం యుద్ధంల చనిపోయిన సైనికుల గోడ ఉన్నది. మాయా లిన్ అనే చదువుకునే పిల్ల ఆ నమూనా గీసింది, అప్పటికి ఆమెకు 21 ఏండ్లు. 1982ల కట్టిండ్రు. 58 వేలకు పైన పేర్లు నల్లరాయి మీద చెక్కి ఉన్నయి. ఆ రాయి మన బెంగుళూరు దిక్కు నుంచి పోయింది. అద్దం లెక్క మెరిసే రాయి గనుక, కొడుకు పేరు చదివే తల్లికి ఆ పేరు మీదనే తన మొఖం కనబడుతది. అక్కడికి వచ్చేటోళ్లు ముందుగాల చేసే పని పేరును వేలుతోటి తడుముడు. తర్వాత కాగితం పెట్టి పెన్సిల్‌తోటి రుద్దుకొని ఆ పేరును ఇంటికి తీసుకపోతరు. చిన్నోడా, నీ రూపాయి బిళ్ల పనే.

ఇగ మన గోడ. నాకు మొదట ఒక బెంగ పట్టుకున్నది. పెన్సిల్ ఎత్తుపల్లాలను పట్టుతది గాని మరకను పట్టదు. అవ్వ గీత రంగే కదా, కాగితం మీదికి ఎట్ల వస్తది అని. పోయిన నెల ఊరికి పోయి ఆ గోడను చేతితోటి తడిమి చూసిన. ఇన్నేండ్లు వేసిన సున్నం గీతకు మీద, కింద పొరలు పొరలుగ మందమైంది. నడుమ గీత మాత్రం అట్లనే ఉండి, లోపలికి సన్నటి కాలువ లెక్క దిగింది. రెండు అంచులు వేలికి స్పష్టంగ తగులుతున్నయి. ఆ అంచులు అవ్వ చేసినవి గావు. బాపు కుర్చీల కూసొని వేయనియ్యని సున్నం అది. పెన్సిల్‌కు వచ్చేది ఆ అంచే.

ఎట్ల చెయ్యాలెనో చెప్త. గోడను తడిబట్టతోటి తుడవొద్దు, మెత్తటి పొడిబట్టతోటి దుమ్ము దులపాలె, గట్టిగ రుద్దితే సున్నం రాలుతది. ఒకరు కాగితం కదలకుంట పట్టుకోవాలె, ఇంకొకరు పెన్సిల్‌ను పండబెట్టి తేలికగ ఒక్క దిక్కే గీయాలె. అంచు నల్లగ లేస్తది, నడుమ తెల్లగ మిగులుతది. కాగితానికి కాగితానికి రెండు వేళ్ల జాగ ఒకదాని మీద ఒకటి రావాలె, వెనుక నంబరు వేసుకోవాలె. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పినప్పుడు రాళ్లకు అట్లనే నంబర్లు వేసిండ్రు. ఏండ్లకేండ్లు ఆ రాళ్లు కింద పడి ఉంటే పోయి చూసి వచ్చేటోన్ని, 2024ల మళ్ల నిలబడ్డది.

పెద్దబిడ్డా, నీకు ఇంకో పని. నీ చెయ్యి ఎత్తు ఇప్పుడు అవ్వ చెయ్యి ఎత్తుకు వచ్చి ఉంటది. రుద్దుడు మొదలు పెట్టకముందే నువ్వు అర్ర కాడ కండ్లు మూసుకొని, కుడిచెయ్యి ఆ గీతల పెట్టి పెరటి దర్వాజ దాకా నడువాలె. దిగూడు కాడ చెయ్యి గాలిల పోతది, భయపడకు, రెండడుగులు వేస్తే అవతలి అంచు దొరుకుతది. నీ వెనుక చిన్నోడు. వాని చెయ్యి అందదు, నేను ఎత్తుకుంట.

కాగితాలు నోటుబుక్కులవి వద్దు, గీతలుంటయి. బస్సు దిగంగనే ఫోన్ చెయ్యుండ్రి, ములుగు రోడ్డు కాడికి నేను వస్త.

మీ తాత,
హనుమకొండ