పాత కారు రిపేర్లు: అపోహలు - వాస్తవాలు

పాత కారు మా రిపేరు షెడ్డులోకి వచ్చేసరికే దానికి ఏం మార్చాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది. స్నేహితుడు చెప్పాడనో, ఎక్కడో వీడియోలో చూశామనో యజమానులు ఒక విడిభాగం పేరు పట్టుకుని వస్తారు. బండి ఎప్పుడు, ఎలాంటి పరిస్థితిలో ఇబ్బంది పెడుతోందో మాత్రం అడిగితే తప్ప చెప్పరు. నాకు ముందుగా కావలసింది ఆ సంగతే. రోజూ చెవిన పడే మాటల్లో కొన్నింటి సంగతి ఇది.

అపోహ: సెల్ఫ్ సరిగ్గా తిరగడం లేదంటే బ్యాటరీ అయిపోయినట్టే.

కావచ్చు. అయినా కొత్తది కొనే ముందు మల్టీమీటరు బయటికి తీయండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే దాన్ని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 వరకు చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ జరగడం లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సంగతి చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా త్వరలోనే పడుకుంటుంది.

ఇంకో కొలత ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. బ్యాటరీ దగ్గర వోల్టేజీ బాగానే ఉండి, సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతోందనుకోండి. మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర వైరును ఇంజిన్ మీద పెయింటు లేని శుభ్రమైన చోట ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఫరవాలేదు. అర వోల్టో, ఒక వోల్టో కనిపిస్తే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరు దగ్గరే అడ్డు ఉంది. బోల్టు విప్పితే కింద తుప్పో, రాగి పోగుల మీద పచ్చటి చిలుమో బయటపడుతుంది. గరుకు కాగితంతో రుద్ది బిగించడంతో సరిపోయే పనికి సెల్ఫ్ మోటారు మొత్తం మార్చేసిన బండ్లు చూశాను.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూస్తే ఆల్టర్నేటర్ సంగతి తెలిసిపోతుంది.

ఆల్టర్నేటర్లకు ముందు బండ్లలో వాడిన డైనమోల కాలం నాటి అలవాటు ఇది. దయచేసి మానేయండి. బ్యాటరీ ఉన్నట్టుండి విడిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజీ క్షణకాలం పదుల వోల్టులకు ఎగబాకగలదు. ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు, ఇంజిన్ కంప్యూటర్ దెబ్బతినవచ్చు.

అపోహ: బండి వేడెక్కుతుంటే థర్మోస్టాట్ తీసేస్తే సరి.

అన్నిటికంటే మొండి నమ్మకం ఇదే. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు. చాలా ఇంజిన్లలో అది 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. దాన్ని తీసేస్తే వేడి చూపే మీటరులో ముల్లు దిగుతుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి ఇంజిన్ తనకు కావలసిన వేడికి చేరదు. ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంటుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి చోట దాన్ని తీసేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంటుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముల్లు లేచి, బండి కదలగానే దిగుతుంటే ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు, స్విచ్ చూడాలి. ఆగి ఉన్నప్పుడు మామూలుగా ఉండి, వేగంగా పోతున్నప్పుడో ఎత్తు ఎక్కుతున్నప్పుడో వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, నీళ్ల పంపు రెక్కలు తినేశాయా అని చూడాలి. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోసు బిగుసుకుపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైనుండే హెడ్‌కు మధ్య సీలు) దాటి గ్యాసు నీళ్లలోకి వస్తోందేమో పరీక్షించాలి. థర్మోస్టాట్ నిజంగానే మూసుకుని ఇరుక్కుంటే, ముల్లు ఎర్రగీత దగ్గరున్నా రేడియేటర్ కింది హోసు చల్లగానే ఉంటుంది. అప్పుడు కొత్తది వేయాలి.

ఎవరూ పట్టించుకోని భాగం రేడియేటర్ మూత. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది. బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ఒత్తిడి నిలిపితే లోపలి నీళ్లు 120 డిగ్రీల వరకు మరగవు. స్ప్రింగు వదులైనా, రబ్బరు చిట్లినా ఆ రక్షణ పోయి, నీళ్లు పొంగి బయటికి పోతాయి. చవకైన భాగం కూడా ఇది. వేడి మీద మాత్రం దాన్ని విప్పకండి.

అపోహ: పొగ వస్తోందంటే బోరు పనికి (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేసే పనికి) వచ్చినట్టే.

ముందు రంగు చూడాలి, ఆ తర్వాత ఎప్పుడు వస్తోందో చూడాలి. చల్లటి ఉదయం కాసేపు వచ్చే తెల్లటిది నీటి ఆవిరి, దాన్ని వదిలేయండి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ వైపు వెళ్లాలి. పెట్రోలు బండిలో నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది, బోరుతో దానికి సంబంధం లేదు.

నీలి పొగ అయితే ఆయిల్ కాలుతోంది. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్స్ గట్టిపడి ఉంటాయి. చాలా ఇంజిన్లలో వాటిని హెడ్ దించకుండానే మార్చవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులను అనుమానించాలి. అప్పుడు కూడా ముందు ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలవాలి. తక్కువున్న సిలిండర్‌లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉంది. ఈ పరీక్ష చేయకుండా ఇంజిన్ విప్పుదామనే మెకానిక్ దగ్గర బండి వదలకండి.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం, పొగ రెండూ పోతాయి.

కొన్నాళ్లు అణగవచ్చు. అరిగినది అరిగినట్టే ఉంటుంది, పైగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు చిక్కటి ఆయిల్ పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది.

అపోహ: స్కానర్‌లో ఏ భాగం పేరు వస్తే అది మార్చాలి.

స్కానర్ లక్షణం చెబుతుంది, కారణం చెప్పదు. పీ0171 కోడ్ (గాలికి ఇంధనం తక్కువైందని) వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. గాలికి తగినంత ఇంధనం లేదని సరిగ్గా కనిపెట్టి చెప్పిన పాపానికి దాన్ని పారేస్తారు! అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకు పెంచగానే తగ్గిపోతే ఎక్కడో గాలి లోపలికి దూరుతోంది. పాత బండిలో పగిలిన వాక్యూమ్ హోసే అయి ఉండే అవకాశం ఎక్కువ. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు చూడాలి.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తే చాలు.

ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం మెల్లగా దిగడం సహజం. ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. లీకు ఉంటే బండి కదపకూడదు. లీకు లేకపోయినా ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 మాత్రమే. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

అపోహ: టైమింగ్ బెల్ట్ చూడటానికి బాగానే ఉంది, ఇంకా నడుస్తుంది.

పిస్టన్లు, వాల్వుల కదలికను జతపరిచే ఈ బెల్ట్ చాలాసార్లు ముందస్తు హెచ్చరిక ఏదీ ఇవ్వదు. బండి తక్కువ తిరిగినా రబ్బరుకు వయసు వస్తుంది, అందుకే తయారీదారులు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఇస్తారు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్ది వంచేస్తాయి. పాత కారు కొన్నప్పుడు బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలిపే కాగితం లేకపోతే, మార్చలేదనే లెక్కన టెన్షనర్‌తో సహా కొత్తది వేయించండి. నీళ్ల పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరిగేదైతే అప్పుడే మార్చేయండి, లేకపోతే దాని కోసం మళ్లీ ఇదంతా విప్పాల్సి వస్తుంది.