డీజిల్ కారుకు వేడి తగలకపోతే

డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఒక చిన్న బొమ్మ వెలుగుతుంది. గొట్టం మధ్యలో డబ్బా, డబ్బాలో చుక్కలు. కారు బాగానే నడుస్తోంది కదా అని చాలామంది దాన్ని పట్టించుకోరు. కొన్నాళ్లకు పికప్ పోతుంది, ఎంత తొక్కినా బండి లాగదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే "డీపీఎఫ్ జామ్ అయింది సార్, మార్చాల్సిందే" అంటారు. అంచనా బిల్లు చూశాక టెన్షన్ మొదలవుతుంది. నన్నడిగితే వెంటనే మార్చక్కర్లేని సందర్భాలే ఎక్కువ. ఫిల్టర్‌లో బయటపడే జబ్బు తరచుగా ఇంకెక్కడో పుట్టినదై ఉంటుంది.

డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్‌నే పొట్టిగా డీపీఎఫ్ అంటున్నాం. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 (భారత్ స్టేజ్-6) నిబంధనలు దేశమంతా వచ్చాక మన డీజిల్ కార్లు దాదాపు అన్నిటికీ ఇది వచ్చి చేరింది. అంతకుముందున్న బీఎస్-4 నిబంధనల కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల రేణువులు వదిలినా చెల్లేది. బీఎస్-6లో ఆ హద్దు 4.5 మిల్లీగ్రాములే. ఫిల్టర్ లేకుండా అంత కిందికి దిగడం ఇంజిన్ వల్ల అయ్యే పని కాదు. యూరప్‌కు ఇది పాత సంగతి. ప్యూజో కంపెనీ 2000లోనే తన 607 మోడల్‌కు బిగించి అమ్మింది. మన దగ్గర ముందు డీజిల్ మారాల్సి వచ్చింది. గంధకం ఎక్కువుంటే ఈ వ్యవస్థలోని ప్లాటినం పూత సరిగ్గా పనిచేయదు. బీఎస్-4 డీజిల్‌లో 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) ఉన్న గంధకం బీఎస్-6లో 10కి తగ్గింది. ఈ తంటా అంతా ఎందుకంటారా? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చి చెప్పింది.

ఫిల్టర్ డబ్బాను కోసి చూస్తే లోపల పింగాణీ లాంటి దిమ్మ ఉంటుంది. దాంట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వెడల్పున్న చతురస్రపు గొట్టాలు వేలకొద్దీ పక్కపక్కనే ఉంటాయి. ముందువైపు ఒక గొట్టం తెరిచి ఉంటే పక్కది మూసి ఉంటుంది. వెనకవైపు సరిగ్గా దీనికి తిరగేసి. అంటే తెరిచి ఉన్న గొట్టంలోకి దూరిన పొగకు ఎదురుగా దారి లేదు, పక్క గోడలోంచి ఇంకి అవతలి గొట్టంలోకి వెళ్లాలి. గోడలో గాలి పోయేంత రంధ్రాలుంటాయి.

దీన్ని జల్లెడ అనుకుంటాం గానీ లెక్క అక్కడే తప్పుతుంది. గోడలోని రంధ్రాలు 10, 20 మైక్రాన్ల సైజులో ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మసి రేణువు మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అంత పెద్ద కన్నంలోంచి అంత చిన్న రేణువు జారిపోవాలి కదా? పోదు. అంత సూక్ష్మమైన రేణువు తిన్నగా ప్రయాణించదు, చుట్టూ ఉన్న వాయు అణువులు ఢీకొడుతుంటే అటూ ఇటూ ఊగిసలాడుతూ ఎక్కడో ఒకచోట గోడను తాకి అంటుకుపోతుంది. అలా అంటుకున్న మసి పలచని పొరగా పేరుకుంటే, వెనక వచ్చే మసిని ఆ పొరే ఆపుతుంది. అందుకే అప్పుడే శుభ్రమైన ఫిల్టర్ కంటే కాస్త మసి పట్టిన ఫిల్టర్ ఇంకా బాగా వడకడుతుంది. చిక్కల్లా పొర మందమైనప్పుడే. ఇంజిన్‌కు ఊపిరి సలపదు.

కాబట్టి మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. దానికి రెండు దారులున్నాయి. ఫిల్టర్‌కు ముందుండే ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. 250 నుంచి 400 డిగ్రీల వేడిలో అది మసిని నెమ్మదిగా తినేస్తుంది. ఔటర్ మీద నిలకడగా వెళ్తుంటే మనకు తెలియకుండానే ఈ పని జరిగిపోతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సిగ్నల్ సిగ్నల్‌కు ఆగుతూ పోయే కారులో పొగ 200 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించి గాలి పీల్చుకుంటుంది, అందుకే దాని పొగ పెట్రోల్ పొగంత వేడెక్కదు.

అప్పుడు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ రెండో దారి పడుతుంది. సిలిండర్‌లో మంట ముగిశాక మళ్లీ కాస్త డీజిల్ చిమ్మిస్తుంది. అది క్యాటలిస్ట్ దగ్గర మండి పొగను 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. మామూలుగా పది, ఇరవై నిమిషాలు పడుతుంది. ఐడిల్ కొంచెం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, కారు ఆపినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. ఇవి కనిపిస్తే వీలైతే ఇంకో చుట్టు తిప్పి ఇంటికి చేరడం మేలు. మసి బాగా పేరుకున్న ఫిల్టర్ మండుతుండగా ఉన్నట్టుండి ఇంజిన్ ఐడిల్‌కు పడిపోతే వేడిని మోసుకుపోయే గాలి తగ్గుతుంది, ఉన్న గాలిలో ఆక్సిజన్ శాతం మాత్రం దండిగా ఉంటుంది. లోపలి వేడి అదుపు తప్పి దిమ్మ పగిలే ప్రమాదం అలాంటప్పుడే.

రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగే కారులో రీజనరేషన్ మొదలవుతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగి ఉంటుంది. "మా బండి చుక్క ఆయిల్ తాగదు" అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గమనించాలి. పలచబడిన ఆయిల్ టర్బో బేరింగులకు చేసే చేటు ఫిల్టర్ ఖర్చును మించిపోవచ్చు.

మసి వేరు, బూడిద వేరు. ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింక్ లాంటి లోహాలు కాలాక మిగిలేది బూడిద. ఎంత వేడి చేసినా అది మండదు, ఫిల్టర్‌లోనే పోగుపడుతుంది. అందుకే డీపీఎఫ్ ఉన్న కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలంటారు. చాలా యూరప్ డిజైన్లకు సరిపోయే ఆయిల్ డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ2, సీ3 వంటి గుర్తులుంటాయి. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే. మసి ఒక మంచి హైవే ప్రయాణంతో పోతుంది, బూడిదను మాత్రం ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాల్సిందే. అది కూడా లక్ష కిలోమీటర్లు దాటాక మాట. ముప్పై వేలకే ఫిల్టర్ నిండిందంటే ఇంజిన్ మామూలు కన్నా ఎక్కువ మసి కక్కుతోందని అనుమానించాలి. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చిరిగి గాలి చాలకపోతుండొచ్చు. లేదా ఫిల్టర్ బాగానే ఉండి, దాని రెండువైపులా ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్ తాలూకు సన్నని రబ్బరు గొట్టం పగిలి ఉండొచ్చు.

హైవే ఎక్కిస్తే అంతా సర్దుకుంటుందన్నదీ అన్ని బళ్లకూ వర్తించదు. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన టొయోటా డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బళ్ల మీద యజమానులు కోర్టుకెక్కారు. మొత్తం రెండు లక్షల అరవై వేలకు పైగా బళ్లు. వాటిలో గొడవ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎడతెగకుండా నడిపినప్పుడే వచ్చింది. ముందున్న క్యాటలిస్ట్ మీద పొర పేరుకుని, ఫిల్టర్‌కు అందాల్సిన వేడి అందలేదు. డిజైన్‌లో లోపముందని 2022లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. అక్కడా చెడిపోయింది ఫిల్టర్ ముందున్న భాగమే.

విసిగిపోయి ఫిల్టర్ లోపలి దిమ్మను పగలగొట్టించి, కంప్యూటర్‌ను ఏమార్చే ప్రోగ్రామ్ ఎక్కించుకునేవాళ్లున్నారు. బండి హాయిగా పరిగెడుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్టూ దొరికే అవకాశముంది. ఎందుకంటే మన దగ్గర డీజిల్ కారుకు చేసే పరీక్ష పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తుంది, రేణువులను లెక్కపెట్టదు. ప్రమాదకరమైన రేణువులేమో కంటికి కనిపించనంత చిన్నవి. నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్ల వార్షిక తనిఖీలో రేణువులను లెక్కపెట్టే యంత్రాన్నే సైలెన్సర్ గొట్టంలో పెడుతోంది. పగిలిన ఫిల్టర్, తీసేసిన ఫిల్టర్ అక్కడ దొరికిపోతాయి.

సర్వీస్ సెంటర్ స్కానర్‌లో చాలా కార్లకు మసి ఎంత, బూడిద ఎంత అన్నది వేరువేరుగా కనిపిస్తుంది. చివరి రీజనరేషన్ ఎన్ని కిలోమీటర్ల కింద పూర్తయిందో కూడా తెలుస్తుంది. కొత్త ఫిల్టర్‌కు సరేననే ముందు ఆ అంకెలు చూపించమనండి. బూడిద తక్కువగా ఉండి మసి మాత్రమే నిండి ఉంటే, ముందు మసి ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని అడగొచ్చు.