చెన్నపట్నం బడుల్లో బి.సి.జి.: రెండు సూదులు, మధ్యలో మూడు రోజులు

1948లో చెన్నైలోని గిండీలో క్షయ (టి.బి.) రాకుండా వేసే బి.సి.జి. టీకా మందు తయారుచేసే ప్రయోగశాల వెలిసింది. ఆ ఏడాదే దేశంలో తొలిసారి ఈ టీకాలు వేసిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. 1951లో దేశమంతటా ప్రచారం మొదలయ్యాక టీకా బృందాలకు పిల్లలు ఒక్కచోట దొరికింది బడిలోనే.

అయితే నేరుగా టీకా వేసేవారు కాదు. ముందు ముంజేతి చర్మంలో 0.1 మిల్లీలీటరు ట్యూబర్‌క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన పరీక్ష మందు) ఎక్కించేవారు. మూడు రోజుల తర్వాత వచ్చి, చర్మం గట్టిపడిన మేర ఎంతో చేతికి అడ్డంగా స్కేలు పెట్టి కొలిచేవారు. ఎరుపును లెక్కలోకి తీసుకోకూడదు. వేలికి తగిలే గట్టిదనమే లెక్క. 6 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే క్షయ క్రిమి అప్పటికే ఒంట్లోకి చేరిందని అర్థం, ఆ బిడ్డకు టీకా అక్కర్లేదు. మిగతావాళ్ళకే బి.సి.జి.

తేలిగ్గా తోచే ఈ పద్ధతి తడబడేది ఆ కొలిచే రోజునే. సోమవారం సూది వేయించుకున్న పిల్లవాడు గురువారం బడికి రాకపోతే మొదటి సూది వృథా. పైగా మద్రాసు చుట్టుపక్కల మట్టిలో, నీళ్ళలో క్షయ క్రిమికి దాయాదులైన సూక్ష్మజీవులు ఎక్కువ. వాటి వల్ల కూడా చర్మం కొంత గట్టిపడుతుంది. 5, 7 మిల్లీమీటర్ల మధ్య గీత గీయడం ఇక్కడ ఎంతో కష్టం.

టీకా వేయడంలో అసలు నేర్పు లోతుది. ఎడమ భుజం మీద చర్మాన్ని లాగి పట్టి, సూది ఏటవాలు మొన పైకి ఉండేలా దాదాపు చర్మానికి సమాంతరంగా దూర్చాలి. 0.1 మిల్లీలీటరు సరిగ్గా చర్మంలోకే వెళ్తే నారింజ తొక్కలా సన్నటి గుంటలతో తెల్లటి ఉబ్బు లేస్తుంది. ఉబ్బు రాకుండా మందు సులువుగా దిగిపోయిందంటే సూది చర్మం కిందికి వెళ్ళినట్టే. అలా వెళ్తే తర్వాత చీము గడ్డ కట్టొచ్చు, చంకలో బిళ్ళలు కట్టొచ్చు. ట్యూబర్‌క్యులిన్‌కు వాడిన సిరంజిని బి.సి.జి.కి వాడకూడదు. టీకాలో ఉండేది బతికున్న క్రిమి కాబట్టి ఎండ తగిలితే చస్తుంది. మందు చచ్చిపోయినా సూది పోటు మాత్రం మామూలుగానే ఉంటుంది, అందుకే ఆ నష్టం ఎవరి కంటా పడదు.

రెండు మూడు వారాలకు చిన్న గడ్డ లేచి, పుండై, దానంతటదే మాని మచ్చ పడుతుంది. దాన్ని చూసి కంగారుపడి పసుపో ఆయింట్‌మెంటో రాయకూడదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పడం సూది వేయడమంత ముఖ్యం. 1955లో రాజాజీ ఈ టీకాను గట్టిగా వ్యతిరేకించినప్పుడు భయం చాలా ఇళ్ళకు పాకింది. టీకా మేలు ఎంతో పరీక్షించి తేల్చాలన్న పట్టు మాత్రం న్యాయమైనదే.

పరీక్ష లేకుండా వేసినా పెద్ద ప్రమాదం లేదని తేలడంతో 1960లలో మొదటి సూదిని మానేశారు. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలుపెట్టిన భారీ పరిశోధనలో పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేదని తేలింది. పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ నుంచి మాత్రం అది బాగా కాపాడుతుంది. ఆ జబ్బు బడి ఈడు దాకా ఆగదు కాబట్టి ఇప్పుడు బి.సి.జి.ని పుట్టిన వెంటనే, ఆసుపత్రిలోనే వేస్తున్నారు.