అంగన్‌వాడీ ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత

1987లో హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న 29 ఊళ్లను జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలనకు ఎంచుకుంది. వాటిలో 15 ఊళ్లలో అంగన్‌వాడీల ద్వారా తల్లీపిల్లలకు తిండి పెట్టే ఐసీడీఎస్ పథకం నడుస్తోంది. మిగతా 14 ఊళ్లకు ఇంకా రాలేదు. పథకం ఉన్నచోట కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా చేసి పెట్టేవారు. తల్లికి సుమారు 500 కేలరీలు, బిడ్డకు 300. దీనివల్ల పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నదే అప్పటి ప్రశ్న. 1990కి లెక్క తేలింది. పెరిగింది గానీ కొద్దిగానే. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసిపోవాలి.

అదే కాలంలో ఇంగ్లాండులో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు ఒక చిక్కుముడి ముందు కూర్చుని ఉన్నాడు. తిని కూర్చునేవాళ్లకే గుండెజబ్బు వస్తుందని లోకమంతా అనుకుంటుంటే, ఆ దేశంలో అది పేద ప్రాంతాల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. 1986లో ఆయన, క్లైవ్ ఓస్మండ్ కలిసి రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. 1921-25 మధ్య పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాలు, 1968-78 మధ్య గుండెజబ్బుతో ఎక్కువమంది పోయిన ప్రాంతాలు దాదాపు ఒకటే. అంటే ఆ పరిస్థితుల్లో పుట్టి బతికి బయటపడ్డవాళ్లకు అప్పటి లోటు లోపలే ఉండిపోయిందన్నమాట.

కానీ ఇవి ప్రాంతాల లెక్కలు. మనుషుల లెక్క కావాలంటే అరవై డెబ్బై ఏళ్ల కింద పుట్టినవాడి బరువు ఎవరు రాసిపెట్టి ఉంటారు? ఇంగ్లాండులోని హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో రాసిపెట్టారు. 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆవిడ పర్యవేక్షణలో నర్సులు కాన్పు జరిగిన ఇళ్లకు వెళ్లి, బిడ్డ పుట్టినప్పటి బరువు, ఏడాది నిండినప్పటి బరువు, తల్లి పాలా పోతపాలా అన్నది కూడా పెద్ద పెద్ద ఖాతా పుస్తకాల్లో ఎక్కించారు. ఏ పరిశోధన కోసమో రాసింది కాదు, వాళ్ల ఉద్యోగం అది. నన్నడిగితే ఈ కథలో సగం ఘనత వాళ్లదే. ఆ పుస్తకాలతో బార్కర్ బృందం 5,654 మంది మగవాళ్ల వివరాలు వెతికి 1989లో ప్రచురించింది. ఏడాది వయసులో ఎనిమిది కిలోలకు అటూఇటూగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణాల రేటు, పన్నెండు కిలోలు దాటినవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువ.

పేదింట్లో తక్కువ బరువుతో పుట్టినవాడు పేదింట్లోనే పెరుగుతాడు కదా, తప్పు కడుపుదా పేదరికానిదా అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి కొంత జవాబు నెదర్లాండ్స్ కరువులో దొరికింది. 1944-45 చలికాలంలో జర్మన్ ముట్టడి వల్ల అక్కడి పట్టణాల్లో రేషను రోజుకు 400-800 కేలరీలకు పడిపోయింది. కరువు కొన్ని నెలలే ఉంది కాబట్టి ఎవరు ఏ నెలలో కడుపులో ఉండగా ఆకలి తగిలిందో చెప్పడానికి వీలైంది. గర్భం తొలి సగంలో కరువు తగిలినవాళ్లు పంతొమ్మిదేళ్లకు ఎక్కువగా లావెక్కారని 1976లోనే తేలింది.

తిండి చాలనప్పుడు కడుపులో బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకు పంపుతుంది. కండ, కిడ్నీ, ఇన్సులిన్ తయారయ్యే క్లోమం వెనకబడతాయి. కిడ్నీలో వడపోత గొట్టాలు బిడ్డ పుట్టకముందే ఏర్పడాలి, తర్వాత కొత్తవి రావు.

మన దేశంలో ఇది ఇంకో రూపంలో బయటపడింది. పుణె దగ్గర ఆరు ఊళ్లలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి గర్భిణులను పరీక్షిస్తూ వచ్చింది. అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుడుతున్నారు, ఇంగ్లాండు సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలతో. తేడా ఎక్కువగా కండలోనే. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడ్డానికి సన్నగా, లోపల లావుగా. ముప్పై ఐదేళ్లకే, పెద్ద లావు కూడా లేకుండా షుగర్ వచ్చినవాళ్లు మన చుట్టాల్లోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవచ్చు.

ఇక మన ఉప్మా. 2003-05లో సంజయ్ కిన్రా, పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ 29 ఊళ్లకు మళ్లీ వెళ్లారు. పరిశీలన కాలంలో పుట్టిన పిల్లలకు అప్పటికి 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. షుగర్‌కు దారితీసేలా ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం వాళ్లలో ఐదో వంతు తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. బీపీలో, కొలెస్టరాల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా ఊళ్లను చీటీలు వేసి విడదీయలేదు, పథకం ముందు ఎక్కడికి వస్తే అక్కడ. కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ పుట్టినప్పుడు తక్కెడలో పెద్దగా కనిపించని తేడా పదిహేనేళ్లకు రక్తంలో కనిపించింది.

ఇలాంటివి చదివినప్పుడల్లా తప్పంతా తల్లి మీదికి నెట్టేవాళ్లు తయారవుతారు. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని కోడలి కంచంలో అన్నం తగ్గించిన ఇళ్లు మనవే. నెలలు నిండేదాకా ఆమెను కూలికి పంపిందీ మనమే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులు అంగన్‌వాడీలోనే కూర్చుని భోజనం చేసే పద్ధతి పెట్టడం ఇందుకు కొంత విరుగుడు. ఇంటికి తీసుకెళ్తే ఆ భోజనంలోని గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో అందరికీ తెలిసిందే.

ఆ 29 ఊళ్ల పిల్లలు ఇప్పుడు ముప్పై ఐదు దాటినవాళ్లు. వాళ్ల మీద పరిశీలన 2008తో ఆగలేదు, తర్వాత తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కలుపుకున్నారు. ఈలోగా హైదరాబాద్ పెరిగి కొన్ని ఊళ్ల అంచుల దాకా వచ్చింది. సన్నగా పుట్టిన ఒంటికి పట్నం తిండి, కుర్చీ ఉద్యోగం తోడైతే ఏమవుతుందన్నది ఇప్పుడు అక్కడే చూస్తున్నారు.