పొల్లుపోకుండా దాచడం యురేనస్ దారిలో నేర్చిన విద్య

సైన్స్ ఫొటోలు, వీడియోలు జేపెగ్‌లోకో ఎంపీ4లోకో మార్చేస్తే బోలెడు చోటు మిగులుతుంది కదా, ల్యాబ్‌ల వాళ్లకి ఈ లాస్‌లెస్ (ఒక్క బిట్ కూడా పోకుండా కుదించే) పట్టుదల ఎందుకని చాలామంది అడుగుతుంటారు. నిజానికి ఈ పద్ధతికి మొదట్లో ఊపిరి పోసింది పట్టుదల కాదు, ఇబ్బంది.

1977లో బయల్దేరిన నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 2 తీసే ఫొటో అడ్డంగా 800, నిలువుగా 800 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 8 బిట్ల లెక్కన 51,20,000 బిట్లు. గురుడి దగ్గర సెకనుకి 1,15,200 బిట్లు పంపిన నౌక శని దగ్గరికొచ్చేసరికి 44,800కి దిగింది. యురేనస్ ఇంకా రెట్టింపు దూరం.

పక్కపక్క పిక్సెళ్ల వెలుగు సాధారణంగా పెద్దగా మారదు. 118, 119, 117, 117 అని మొత్తం పంపే బదులు 118 పంపి, ఆపైన +1, -2, 0 అని తేడాలు చెబితే చాలు. చిన్న తేడాకి పొట్టి కోడ్. భూమ్మీద వరసగా కూడుకుంటూ పోతే అసలు అంకెలే వస్తాయి. ఇలాంటి కోడింగ్ మీద నాసా ల్యాబ్ జేపీఎల్‌లో రాబర్ట్ రైస్ 1970ల నుంచే పనిచేస్తున్నారు. నౌకలో స్పేర్‌గా ఉన్న కంప్యూటర్‌కి దారిలోనే కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. బిట్లు సుమారు 60 శాతం తగ్గాయి.

1986 జనవరి 24న యురేనస్‌ని దాటాలి. సరిగ్గా కొద్దిరోజుల ముందు ఫొటోల నిండా నల్ల, తెల్ల గీతలు! ఆ టెన్షన్ ఊహించుకోవచ్చు. తీరా చూస్తే మెమరీలో ఒకే ఒక్క బిట్ చెడింది. ఆ చోటు తగలకుండా ప్రోగ్రాం మార్చి పంపారు. తేడాల లెక్కతో వచ్చే చిక్కే ఇది, ఒకచోట తప్పితే ఆ తప్పు వెనకాల వచ్చేవాటికీ అంటుకుంటుంది.

1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ దారి వేరు. కంటికి ఆనని వివరాన్ని అది తీసేస్తుంది. పెళ్లి ఫొటోకి అది చాలు. కానీ 1999లో ఖగోళ శాస్త్రవేత్త ఎరిక్ కార్కోష్కా ఆ వాయేజర్ ఫొటోలనే తిరగేసి పెర్డిటా అనే యురేనస్ బుల్లి ఉపగ్రహాన్ని పట్టుకున్నారు. 13 ఏళ్లపాటు అది ఎవరి కంటికీ ఆనలేదు మరి!

1997లో అంతరిక్ష సంస్థల ఉమ్మడి కమిటీ సీసీఎస్‌డీఎస్ రైస్ పద్ధతికి ప్రమాణ హోదా ఇచ్చింది. ఖగోళ శాస్త్రవేత్తల ఫిట్స్ ఫైళ్లలో అది ఇప్పటికీ నడుస్తోంది. వీడియో వంతు ఆలస్యంగా వచ్చింది. వీడియో సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టులో మైకేల్ నీడర్‌మేయర్ రాసిన లాస్‌లెస్ వీడియో పద్ధతి ఎఫ్ఎఫ్‌వీ1 2003 నాటిదే అయినా, ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ దాన్ని ఆర్ఎఫ్‌సీ 9043 అనే పత్రంగా ప్రచురించింది 2021లో.

ఇప్పుడు తగువంతా నాయిస్ దగ్గర. సెన్సర్ నుంచి వచ్చే ఆ గరగరకి వరుసా వాడీ ఉండదు కాబట్టి ఏ లాస్‌లెస్ పద్ధతీ దాన్ని కుదించలేదు. మసక వెలుతురులో తీసిన మైక్రోస్కోప్ వీడియోలో బిట్లు ఎక్కువగా దానికే ఖర్చవుతాయి. దాన్ని కాస్త సవరించి కుదిస్తే తప్పేంటని కొందరంటారు. ఏది నాయిసో ఇప్పుడే ఎవరు తేలుస్తారని మిగతావాళ్లు. నా మొగ్గు వీళ్ల వైపే, కనీసం కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైళ్ల విషయంలో. ఫిట్స్ వాళ్ల అలవాటు కూడా దాదాపు ఇదే: పూర్ణాంకాల ఫొటోలను పొల్లుపోకుండా దాస్తారు, లెక్కలు కట్టాక వచ్చిన దశాంశాల ఫొటోలను మాత్రం నాయిస్ స్థాయి చూసుకుని కొంత సవరించి కుదిస్తారు.