గంట వేరు, పీరియడ్ వేరు: బడి టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌పై అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. బడులకు టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ అమర్చి, దానికి ఆటోమేటిక్ గంటను కలిపి ఇవ్వడం నా పని. ఊళ్లు మారినా, హెచ్ఎంలు మారినా అడిగే ప్రశ్నలు మారవు. ఆ ప్రశ్నల వెనక ఉన్న అపోహలు కూడా మారవు.

అపోహ: రెండో పీరియడ్ అంటే 9:55 నుంచి 10:35 వరకు.

వాస్తవం: పీరియడ్ అంటే వరుస సంఖ్య, అంతే. సోమవారం మూడో పీరియడ్‌లో ఎనిమిది-ఏ సెక్షన్‌కు లెక్కలు అన్నది ఒక పట్టిక. ఆ మూడో పీరియడ్ ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది మరో పట్టిక. మొదటిది టైమ్‌టేబుల్, రెండోది గంటల పట్టిక. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద చూసి చూసి అలవాటైన కళ్లకు తేడా కనిపించదు. అందుకే సాఫ్ట్‌వేర్‌లోనూ పాఠం గడిలోనే సమయం రాసేస్తారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలుకాగానే ఇరుక్కుపోతారు.

ఒక లెక్క చూడండి. బడి 9 నుంచి 4 వరకు అనుకుందాం, అంటే 420 నిమిషాలు. ప్రేయర్‌కు 15, నలభై నిమిషాల చొప్పున ఎనిమిది పీరియడ్లకు 320, రెండు ఇంటర్వెల్స్‌కు 15, 10, భోజనానికి 60. సరిగ్గా సరిపోయింది. ఒంటిపూట 8 నుంచి 12:30 వరకు అయితే చేతిలో ఉన్నవి 270 నిమిషాలే. ప్రేయర్‌కు 10, ఇంటర్వెల్‌కు 20 తీసేస్తే నలభై నిమిషాల పీరియడ్లు ఆరు పడతాయి. అప్పటిదాకా 10:50కి మొదలైన మూడో పీరియడ్ ఇప్పుడు 9:30కే మొదలవుతుంది. టైమ్‌టేబుల్‌లో ఒక్క గడి కూడా కదలనక్కర్లేదు. గంటల పట్టిక ఒక్కటి మారిస్తే చాలు. పట్టికలు విడిగా ఉన్న బడిలో ఇది అయిదు నిమిషాల పని. కలిపేసిన బడిలో ఇద్దరు మాస్టర్లు రెండు సాయంత్రాలు కూర్చుంటారు.

అపోహ: ఒంటిపూట రోజుల్లో చివరి రెండు పీరియడ్లు కొట్టేస్తే సరి.

వాస్తవం: కొట్టేయవచ్చు. కానీ ఏడు, ఎనిమిది పీరియడ్లలో ఎవరి పాఠాలున్నాయో ముందు చూడండి. మన బడుల్లో చివరికి నెట్టేసేది హిందీ, సోషల్, ఆటలు. ఒక బడిలో తొమ్మిదో తరగతికి వారానికి ఉన్న నాలుగు హిందీ పీరియడ్లలో మూడు అక్కడే ఉన్నాయి. వేసవి సెలవులు ఇచ్చేదాకా ఆ పిల్లలకు వారానికి ఒకే హిందీ క్లాసు. ఆ టీచరు నా దగ్గరికి వచ్చి, "సార్, నన్ను మీ సాఫ్ట్‌వేర్ ఇంటికి పంపేసింది" అన్నారు.

పీరియడ్ వట్టి సంఖ్య అని ఒప్పుకుంటే దీనికి మందు తేలికే. ఒక వారం 1 నుంచి 6 వరకు నడపండి. తర్వాతి వారం 3 నుంచి 8 వరకు నడపండి. గంట మోగే సమయాలు అవే, వాటికి ఎదురుగా ఉన్న అంకెలే మారతాయి. తమిళనాడు కాలేజీల్లో చాలాచోట్ల వారం పేర్లకు బదులు ‘డే ఆర్డర్’ నడుస్తుంది, అంటే ఒకటో రోజు, రెండో రోజు అనే వరుస. సెలవు వస్తే ఆ రోజు పాఠాలు పోవు, మర్నాటికి జరుగుతాయి. అదీ ఈ ఆలోచనే.

పదో తరగతి పరీక్షలకు కేంద్రంగా ఉన్న బడికి ఇంకో గంటల పట్టిక విడిగా కావాలి. లేకపోతే పిల్లలు పరీక్ష రాస్తుంటే నలభై నిమిషాలకోసారి గంట మోగుతుంది. పరీక్ష కేంద్రాన్ని నడిపే చీఫ్ సూపరింటెండెంట్ కోపం ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను, చాలు.

అపోహ: వివరాలిచ్చి మీట నొక్కితే కంప్యూటరే వేసేస్తుంది. వేయలేదంటే అది నాసిరకం సాఫ్ట్‌వేర్.

వాస్తవం: టైమ్‌టేబుల్ వేయడం కంప్యూటర్లకూ కష్టమే. 1976లో షిమోన్ ఈవెన్, అలోన్ ఇతాయ్, ఆది షమీర్ ప్రచురించిన పత్రం దీన్ని ఎన్‌పీ-కంప్లీట్ సమస్యగా నిరూపించింది. అంటే ఏ చిక్కునైనా చకచకా విప్పేసే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.  అయినా రొమేనియాకు చెందిన లివియు లలెస్కు మొదలుపెట్టిన ఎఫ్ఈటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా మామూలు హైస్కూల్ టైమ్‌టేబుల్‌ను చక్కగానే వేస్తుంది.

వేయలేనప్పుడు తప్పు ఎక్కువగా మనం పెట్టిన షరతుల్లోనే ఉంటుంది. ఒకచోట వేరే బడి నుంచి సర్దుబాటు మీద వచ్చే మాస్టారు వారానికి మూడు ఉదయాలు మాత్రమే ఉంటారు. ఉదయానికి నాలుగు చొప్పున మొత్తం పన్నెండు పీరియడ్లు. ఆయన చెప్పాల్సింది అయిదు సెక్షన్లకు మూడేసి, అంటే పదిహేను. లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ తెచ్చినా పన్నెండు గడుల్లో పదిహేను పాఠాలు పట్టవు. మీట నొక్కే ముందు ప్రతి టీచరుకూ ఈ కూడిక వేలి మీద వేసుకోండి.

అపోహ: లెక్కలు అన్ని సెక్షన్లకూ మొదటి పీరియడ్‌లోనే పెట్టాలి.

వాస్తవం: సెక్షన్లు 12, లెక్కల టీచర్లు నలుగురు. ఒక పీరియడ్‌లో నలుగురు నాలుగు గదుల్లోనే ఉండగలరు. వంతులు వేసినా ఒక్కో సెక్షన్‌కు ఆరు రోజుల్లో రెండు రోజులే దక్కుతుంది. హాజరు తీసుకోవాలి కాబట్టి మొదటి పీరియడ్ క్లాస్ టీచరుకే ఇవ్వాలన్న నియమం కూడా పెడితే అదీ ఉండదు. భోజనానికి ముందు అని అడగండి, దొరుకుతుంది.

అపోహ: నాలుగు, అయిదు పీరియడ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి జంటగా ల్యాబ్‌కు ఇవ్వవచ్చు.

వాస్తవం: మధ్యలో భోజనం ఉంది! ఆ సంగతి మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. విరామం ఎక్కడెక్కడ పడుతుందో గుర్తుపెట్టి, జంట పీరియడ్ దాన్ని దాటకూడదని షరతు పెట్టాలి.

అపోహ: లీజర్ పీరియడ్ అంటే టీచరు ఖాళీ.

వాస్తవం: 2009 నాటి విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 పనిగంటలు చెప్పింది, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్నీ అందులోనే కలిపింది. లీజర్లన్నీ సెలవు పెట్టినవారి క్లాసులకు తీసేసుకుంటే నోటు పుస్తకాలు రాత్రి ఇంట్లో దిద్దాలి.

అపోహ: ఆటోమేటిక్ గంట ఒకసారి పెడితే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: ఇది నా సొంత తప్పు కాబట్టి చెబుతాను. భోజనం గంట 12:10కి పెట్టాను, పక్కన పీఎం బదులు ఏఎం ఉండిపోయింది. అర్ధరాత్రి దాటి పది నిమిషాలకు ఊరంతా వినిపించేలా లాంగ్ బెల్ మోగింది. వాచ్‌మన్ దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తాడు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం గంట మోగలేదు. పిల్లలే చప్పుడు చేసి గుర్తుచేశారు. అప్పటి నుంచి 24 గంటల పద్ధతి తప్ప మరొకటి వాడను.

ఇంకొకటి గడియారం. సమయం లెక్కపెట్టే క్రిస్టల్ చౌకరకమైతే ఆ పరికరం రోజుకు ఒకటిన్నర, రెండు సెకన్లు జారడం మామూలే. 48 రోజుల వేసవి సెలవులు ముగిసేసరికి అది నిమిషం దాటుతుంది. డీఎస్3231 అనే మెరుగైన గడియారం చిప్ ఉన్నదైతే ఏడాదికి దాదాపు నిమిషం. ఏది ఉన్నా బడి తెరిచే ముందు రోజు ఫోను పక్కన పెట్టి సరిచూడండి, బటన్ బ్యాటరీ కూడా మార్చండి. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను మాత్రం తీసేయకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా నిలవని రోజున అటెండరుకు అదే దిక్కు. గంటల పట్టికలన్నీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి దాని పక్కనే గోడకు అంటించండి.